చెవులకూ చట్టంలో చోటు కల్పించండి: తెలుగు ఎంపీలకు బెంగళూరు నుంచి ఒక బహిరంగ లేఖ

లోక్‌సభలో 42 మంది, రాజ్యసభలో 18 మంది, రెండు తెలుగు రాష్ట్రాల తరఫున పార్లమెంటులో ఉన్న మీ అందరికీ నమస్కారం.

నేను ఆర్టీసీలో డ్రైవర్‌గా చేరి, తర్వాత కొత్త డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే పనిలో ఉండి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు బెంగళూరులో, కృష్ణరాజపురం దగ్గర మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. పార్టీలతో నాకు పని లేదు. మీలో అధికార పక్షం వారికీ, ప్రతిపక్షం వారికీ కలిపి ఒకే విన్నపం చేసుకుంటున్నాను. బండి నడిపేవాళ్లు చెవుల్లో ఇయర్‌బడ్స్, తలకు హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం గురించి మన మోటారు వాహనాల చట్టంలో స్పష్టమైన నిబంధన లేదు. దాన్ని మీరు చేర్పించాలి.

ఈ మాట బెంగళూరు పోలీసులకు చెప్పుకోకుండా మీకెందుకు రాస్తున్నానంటే, చట్టాన్ని అమలు చేయడం వారి పని, చేయించడం మీ పని. మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలో ఉన్నా, రోడ్డు మీద బండి ఎలా నడపాలో నిబంధనలు రాసే అధికారాన్ని 1988 నాటి చట్టంలోని 118వ సెక్షన్ కేంద్ర ప్రభుత్వానికే ఇచ్చింది. పైగా ఈ ఊరి రోడ్ల మీద తిరుగుతున్నవాళ్లలో మీ ఓటర్ల పిల్లలు ఎంతోమంది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్ నుంచి చదువుకో, ఉద్యోగానికో వచ్చి మారతహళ్లిలోనో, వైట్‌ఫీల్డ్‌లోనో, ఎలక్ట్రానిక్ సిటీలోనో హాస్టళ్లలో ఉంటున్న పిల్లలు. వాళ్లకు మొదటి జీతం రాగానే ఒక బండి, దాంతోపాటు ఒక జత ఇయర్‌బడ్స్ వస్తాయి. సాయంత్రం పూట టిన్ ఫ్యాక్టరీ దగ్గర బస్సు కోసం నిలబడి చూస్తే, హెల్మెట్ అంచు కింద ఆ తెల్లటి ముక్కలు వరుసగా కనపడతాయి. వెనక నుంచి బస్సు హారన్ కొడుతుంటే అందరూ పక్కకు జరుగుతారు, చెవులు మూసుకున్నవాడు మాత్రం దారి మధ్యలోనే సాగిపోతుంటాడు. ఆ బస్సు డ్రైవర్ పరిస్థితి నాకు తెలుసు. ముందున్నవాడు వినే జరగడం లేదా, వినపడక జరగడం లేదా అన్నది అతనికి తెలిసే మార్గం లేదు.

ఇప్పుడున్న చట్టం ఏమంటోందో ముందు చెబుతాను. ప్రమాదకరంగా నడపడం గురించిన 184వ సెక్షన్‌ను 2019లో సవరించారు. ఆ సవరణ అదే ఏడాది సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఎర్రలైటు దాటడం, ఎదురుదారిలో రావడం వంటి వాటితోపాటు, చేత్తో పట్టుకుని వాడే ఫోన్ల వంటి పరికరాల వాడకాన్ని కూడా అందులో ప్రమాదకరమైన డ్రైవింగ్‌గా చేర్చారు. మొదటిసారికి 1,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా గాని, ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. 2020 అక్టోబర్ 1 నుంచి కేంద్ర నియమాల్లో ఇంకో మాట చేరింది. ఆ పరికరాన్ని దారి చూసుకోవడానికి మాత్రమే వాడాలి, అదీ డ్రైవర్ ఏకాగ్రత చెదరకుండా వాడాలి. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఈ రెండింటిలోనూ అభ్యంతరమంతా చేతిలో ఉన్న వస్తువు మీదే. ఫోను జేబులో వేసుకుని, రెండు చెవులూ మూసుకుని, గంటసేపు మాట్లాడుతూ సిల్క్‌బోర్డు నుంచి హెబ్బాళ దాకా నడిపేవాణ్ణి ఏ సెక్షన్ కింద ఆపాలి? "సమర్థుడైన, జాగ్రత్తపరుడైన డ్రైవర్ నడిపేలా లేదు" అనే అర్థం వచ్చే విశాలమైన మాట 184లో ఉంది, దాని కింద ఆపవచ్చు అంటారు కొందరు. ఎక్కడా రాసిలేదు కాబట్టి తప్పు కాదంటారు ఇంకొందరు. ఇద్దరి వాదనలోనూ బలం ఉంది, చిక్కంతా అక్కడే. 2018లో కేరళ హైకోర్టు, ఫోనులో మాట్లాడుతూ నడపడం దానంతట అదే ఆ రాష్ట్ర పోలీసు చట్టం కింద నేరం కాదని, దానివల్ల ప్రజలకు ప్రమాదం ఏర్పడిందని చూపాలని తీర్పు చెప్పింది. సూటిగా రాయకపోతే కోర్టులు ఉన్న మాటలను బట్టే చెబుతాయి, వాటిని తప్పు పట్టలేం.

ఇదే చట్టంలో 194ఇ అని ఇంకో సెక్షన్ ఉంది. అంబులెన్స్‌కో, అగ్నిమాపక వాహనానికో దారి ఇవ్వకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్ వైపు, సెయింట్ జాన్స్ వైపు వెళ్లే అంబులెన్సులు ఏ వేళలో చూసినా సైరన్ మోగిస్తూ అంగుళం అంగుళం కదులుతుంటాయి. ఆ సెక్షన్ పెట్టినందుకు సంతోషమే. కానీ సైరన్ వినపడితేనే కదా ఎవరైనా దారి ఇచ్చేది. దారి ఇవ్వకపోవడం నేరమన్న చట్టం, దారి ఇవ్వాలని తెలిసేందుకు కావలసిన చెవుల ఊసు ఎత్తకపోవడం నాకు అర్థం కావడం లేదు.

చెవికి ఇంత ప్రాధాన్యం ఎందుకని మీకు అనిపించవచ్చు. డ్రైవింగ్ అంటే కన్ను, చెయ్యి, కాలు అనుకుంటారు చాలామంది. కొత్త డ్రైవర్ సీట్లో కూర్చున్నాక మేము ముందుగా నేర్పేది ఇంజన్ శబ్దం వినడం. గేరు ఎప్పుడు మార్చాలన్నది మీటరు చూసి నేర్చుకునేది కాదు. శబ్దం బరువెక్కగానే కాలు క్లచ్ మీదికి వెళ్లాలి. బ్రేకుల గాలి ఎక్కడైనా పోతుంటే బుసబుసమనే చప్పుడు ముందు వస్తుంది, గేజి ముల్లు తర్వాత పడుతుంది. వెనక జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుంటే టకటకమని వినపడుతుంది, అద్దంలో ఏమీ కనపడదు. కండక్టర్ బెల్లు ఒకసారి కొడితే ఆపాలి, రెండుసార్లు కొడితే కదలాలి. నిండు బస్సులో కండక్టర్‌కూ డ్రైవర్‌కూ మధ్య ఉన్న సంబంధమంతా ఆ బెల్లే. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. బస్సు కదులుతుండగా ఫుట్‌బోర్డు మీద నుంచి ఎవరైనా జారి వెనక చక్రం వైపు పడితే, డ్రైవర్‌కు ఆ సంగతి తెలిపేది జనం అరుపు ఒక్కటే. ఆ అరుపు అర సెకను ఆలస్యంగా చెవిన పడితే ఏమవుతుందో వివరించనక్కరలేదు.

దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్‌రోడ్డులో మీలో చాలామంది ప్రయాణించే ఉంటారు. అక్కడ మలుపు అవతల వస్తున్న లారీని ఏ డ్రైవరూ చూడలేడు. హారన్ కొట్టి, బదులు వస్తుందేమో విని, ఆ వచ్చే శబ్దాన్ని బట్టి అవతలి బండి పెద్దదా, చిన్నదా, దగ్గరుందా, దూరంగా ఉందా అంచనా వేసి, అప్పుడు స్టీరింగ్ తిప్పుతాడు. కంటికి ముందున్నదే తెలుస్తుంది. వెనకదీ, పక్కదీ, మలుపు అవతలిదీ చెవి చెప్పాలి. నగరంలో రెండు చక్రాల బండి మీద వెళ్లేవాడికి ఈ అవసరం ఇంకా ఎక్కువ. అతని అద్దాలు అరచేతిలో సగం ఉంటాయి, గుంతల్లో అదురుతుంటాయి, ఇరుకు సందుల్లో తగలకుండా చాలామంది వాటిని లోపలికి మడిచేస్తారు. చుట్టూ ఇనుప తలుపులు లేవు. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ లెక్క. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. అందరికన్నా చెవులతో ఎక్కువ పని ఉన్నవాడే అందరికన్నా ఎక్కువగా వాటిని మూసుకుని తిరుగుతున్నాడు.

పూర్వం వైరున్న ఇయర్‌ఫోన్లలో పాట మధ్యలోంచి బయటి శబ్దం కొంతైనా దూరేది. ఇప్పుడు బయటి శబ్దాన్ని తుడిచేసేవి వచ్చాయి. వాటిలో చిన్న మైకులు ఉంటాయి. అవి బయటి శబ్ద తరంగాన్ని పట్టుకుని, దానికి సరిగ్గా వ్యతిరేకమైన తరంగాన్ని పుట్టించి రెండింటినీ రద్దు చేస్తాయి. ఈ పద్ధతి బాగా పనిచేసేది బొంగురుగా, ఒకే తీరుగా వచ్చే శబ్దాల మీద. అంటే ఇంజన్ హోరు, టైర్ల రొద. విమానంలో కూర్చున్నవాడికి అది సుఖమే. వెనక నుంచి వస్తున్న లారీ ఉనికిని తెలిపే శబ్దం కూడా సరిగ్గా ఆ రకానిదే. బండి మీద ఉన్నవాడికి చెరిపివేయకూడని శబ్దాన్నే ఆ పరికరం మొదట చెరిపేస్తుంది.

ఒక్క చెవిలోనే పెట్టుకుంటున్నాం కదా అనేవాళ్లకూ ఒక మాట చెప్పాలి. కుడివైపు నుంచి వచ్చిన శబ్దం కుడి చెవికి ముందు చేరి, ఎడమ చెవికి సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ తేడాతో చేరుతుంది. ఆ కొద్దిపాటి తేడా నుంచీ, రెండు చెవుల్లో శబ్దం తీవ్రతలో ఉండే తేడా నుంచీ మెదడు దిక్కును పోల్చుకుంటుంది. ఒక చెవి మూసుకుంటే హారన్ వినపడుతుంది గాని, ఎటు నుంచో తెలియదు. మారతహళ్లి వంతెన కింద నాలుగు వైపుల నుంచీ బండ్లు వచ్చే చోట, ఎటో తెలియని హారన్ విని కంగారుపడి తప్పు పక్కకు తిరిగేవాళ్లు ఉన్నారు.

చెవి ఖాళీగా ఉన్నా మనసు ఖాళీగా ఉండాలి కదా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. 1997లో కెనడాలోని టొరంటోలో ప్రమాదాల పాలైన 699 మంది డ్రైవర్ల ఫోను బిల్లులను పరిశీలించి రెడెల్‌మియర్, టిబ్షిరానీ అనే ఇద్దరు పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఫోను మాట్లాడుతున్న సమయంలో ఢీకొనే అవకాశం సుమారు నాలుగు రెట్లు పెరుగుతోందని, చేత్తో పట్టుకోనక్కరలేని ఫోన్ల వల్ల ఆ ముప్పు తగ్గినట్టు ఏమీ కనపడలేదని అందులో తేల్చారు. పక్క సీట్లో కూర్చుని మాట్లాడే మనిషి ముందు లారీ కనపడగానే తానూ మాట ఆపుతాడు. ఫోను అవతల ఉన్నవాళ్లకు ఆ లారీ కనపడదు, వాళ్లు అడుగుతూనే ఉంటారు, ఇతను జవాబు చెబుతూనే ఉంటాడు.

తెలుగువాళ్లకు మాసాయిపేట పేరు చెబితే చాలు. 2014 జులై 24న మెదక్ జిల్లాలో కాపలా లేని రైల్వే గేటు దగ్గర బడి బస్సును రైలు ఢీకొని పసిపిల్లలు పోయారు. ఆ సమయంలో డ్రైవర్ ఫోనులో మాట్లాడుతున్నాడని అప్పట్లో వార్తలు వచ్చాయి. డ్రైవర్ కూడా ఆ ప్రమాదంలోనే చనిపోయాడు, అతను తన మాట చెప్పుకునే అవకాశం లేదు, కాబట్టి ఆ తప్పును అతని మీద మోపడానికి నాకు మనసొప్పదు. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్‌లో అలాంటి గేటు దగ్గరే బడి వ్యాను రైలు కింద పడి 13 మంది పిల్లలు చనిపోయారు. వ్యాను డ్రైవర్ చెవులకు ఇయర్‌ఫోన్లు ఉన్నాయని అప్పుడు అధికారులే చెప్పారు. ఆ తర్వాత ఏడాది లోపే బ్రాడ్‌గేజి మార్గాల్లో కాపలా లేని గేట్లన్నీ తీసేశారు. గేటు సంగతి పట్టించుకున్న ప్రభుత్వం చెవుల సంగతి వదిలేసింది.

దీనికి ఎదురయ్యే వాదనల్లో ఒకదాన్ని నేను చాలా గౌరవంతో తీసుకుంటాను. వినికిడి లేనివాళ్లకు లైసెన్సు ఇస్తున్నారు కదా, వాళ్లు నడపగా లేనిది ఇయర్‌బడ్స్ పెట్టుకున్నవాడు ఎందుకు నడపకూడదు అని అడుగుతారు. లైసెన్సు దరఖాస్తుతో ఇచ్చే ఫారం-1లో, మామూలు శబ్ద సంకేతాలు కూడా వినపడనంత చెవుడు మీకు ఉందా అని ఏళ్ల తరబడి అడిగేవారు. 2011లో ఢిల్లీ హైకోర్టు, బధిరులు డ్రైవింగ్ పరీక్షలో నెగ్గితే లైసెన్సు నిరాకరించకూడదని చెప్పింది. అది సరైన తీర్పు. పుట్టుకతో వినికిడి లేనివాడు చూపుతోనే అన్నీ తెలుసుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు చేసుకుని ఉంటాడు. అద్దాలను వదలడు, మెడ తిప్పకుండా ఉండడు, ఎదురుగా వచ్చేవాడి కళ్లలోకి చూస్తాడు. తనకు వినపడదని అతనికి ప్రతిక్షణం తెలుసు. ఇయర్‌బడ్స్ పెట్టుకున్న కుర్రవాడు వినపడే మనిషిలాగే నడుపుతుంటాడు, శబ్దం వస్తే తిరిగి చూద్దామన్న భరోసాతో ఉంటాడు, ఆ శబ్దం మాత్రం అతన్ని చేరదు. దానికి తోడు అతని మనసు పాటలోనో, మీటింగులోనో ఉంటుంది. ఈ ఇద్దరినీ ఒక గాటన కట్టడం బధిరులకు అన్యాయం చేయడమే. అందుకే కొత్త నిబంధన ఏది వచ్చినా, వినికిడి యంత్రాలకు అది వర్తించదని అందులోనే రాయాలి. చెవిలో యంత్రం కనపడిందని ఒక పెద్దాయనను రోడ్డు పక్కన నిలబెట్టి ప్రశ్నించే పరిస్థితి ఎప్పటికీ రాకూడదు.

కారులో అద్దాలు ఎత్తి పాటలు పెట్టుకునేవాళ్ల మాటేమిటంటారు. వాళ్లకూ తక్కువ వినపడుతుంది, నిజమే, చెవులు చిల్లులు పడేలా పాట పెట్టడమూ తప్పే. కానీ కారులో పాట గదంతా పరుచుకున్న శబ్దం, దాని పక్కనుంచి సైరన్ చెవిని చేరగలదు. చెవి రంధ్రాన్నే మూసినప్పుడు ఆ దారి ఉండదు.

ఇక బెంగళూరు పిల్లలు నాతో ఎక్కువగా చెప్పే కారణం వేరు. ఈ హారన్ల మోత భరించలేక పెట్టుకుంటున్నాం తాతగారూ అంటారు. వాళ్లను నేను కోప్పడలేను. 2023లో ఈ నగరం నడిబొడ్డున 10 కిలోమీటర్లు వెళ్లడానికి సగటున 28 నిమిషాల 10 సెకన్లు పట్టిందని టామ్‌టామ్ సంస్థ లెక్క కట్టింది. అంతసేపు చుట్టూ ఎర్రలైటు పడి ఉండగానే హారన్ కొట్టేవాళ్ల మధ్య నిలబడితే ఎవరికైనా తల పగిలిపోతుంది. అనవసరంగా హారన్ కొడితే మొదటిసారి 1,000, మళ్లీ కొడితే 2,000 రూపాయల జరిమానా వేయవచ్చని 194ఎఫ్ సెక్షన్ చెబుతోంది. దాన్ని నిజంగా అమలు చేసే నగరం ఏదైనా ఉంటే అక్కడి డ్రైవర్లు చెవులు మూసుకోవలసిన అవసరం సగం తగ్గుతుంది. హారన్ అంటే హెచ్చరిక. అందరూ అన్ని వేళలా హెచ్చరిస్తుంటే ఎవరి హెచ్చరికా ఎవరికీ పట్టదు. కాబట్టి చెవుల మీద నిబంధన అడిగే నేను, హారన్ మీద ఉన్న నిబంధనను నిద్రలేపమని కూడా అడుగుతున్నాను. ఒకటి వదిలి ఒకటి చేస్తే పిల్లల మీద బరువు మోపినట్టే అవుతుంది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది సరుకులు, భోజనం చేరవేసే కుర్రవాళ్ల సంగతి. వాళ్లలో మన ఊళ్లవాళ్లు చాలామందే ఉన్నారు, మాటల్లో పడితే ఏ మండలమో కూడా చెబుతారు. వాళ్లు చెవిలో ఇయర్‌బడ్ పెట్టుకునేది పాటల కోసం కాదు. దారి చెప్పే గొంతు అందులో వస్తుంది, కొత్త ఆర్డర్ గంట అందులో మోగుతుంది, ఎక్కడున్నావని అడిగే కస్టమర్ అందులోనే పిలుస్తాడు. ఆ పిలుపు తీయకపోతే రేటింగ్ పడిపోతుందని భయం. బండి పక్కన ఆపి మాట్లాడితే ఆలస్యమవుతుందని భయం. ఇయర్‌బడ్ తీసేయమని ఆ కుర్రవాణ్ణి ఒక్కణ్ణే పట్టుకుని జరిమానా వేస్తే, ఆ రోజు కూలి పోవడం తప్ప ఏమీ మారదు. అతను బండి కదిలిస్తుండగా కాల్ వెళ్లేలా ఏర్పాటు చేసింది కంపెనీ. బండి కదులుతున్నదో ఆగి ఉన్నదో ఫోనులోని జీపీఎస్‌కు తెలుసు. కదులుతున్నంతసేపు కస్టమర్ కాల్ అతనికి చేరకుండా, కొత్త ఆర్డర్ గంట మోగకుండా ఆపడం ఆ కంపెనీల ఇంజనీర్లకు పెద్ద పని కాదు. మా అమ్మాయి ఇదే రంగంలో ఉంది, ఆమెను అడిగే రాస్తున్నాను.

ఇక్కడ మీరు గమనించవలసిన చట్టపరమైన లోటు ఒకటుంది. 2019 సవరణలో అగ్రిగేటర్ అనే నిర్వచనం చేర్చి, అలాంటి సంస్థలకు లైసెన్సు తప్పనిసరి చేశారు. ఆ నిర్వచనం ప్రయాణికుణ్ణీ డ్రైవర్‌నూ కలిపే సంస్థలకే వర్తిస్తుంది. భోజనం, సరుకులు చేరవేయించే సంస్థలు అందులోకి రావు. కర్ణాటక ప్రభుత్వం 2025లో ఈ కార్మికుల సామాజిక భద్రత కోసం చట్టం చేసింది, సంతోషం. కానీ రోడ్డు మీద వాళ్లను ఎలా పనిచేయిస్తున్నారన్నది మోటారు వాహనాల చట్టంలోనే ఉండాలి. రైడర్ నడుపుతుండగా అతన్ని మాట్లాడించిన సంస్థకు జరిమానా పడితేనే ఈ పద్ధతి మారుతుంది.

ఇతర దేశాలు దీన్ని ఎలా చూశాయో తెలుసుకున్నాను. ఫ్రాన్స్ 2015 జులై 1 నుంచి డ్రైవర్లు చెవుల్లో గాని, చెవుల మీద గాని శబ్ద పరికరాలు పెట్టుకోవడాన్ని నిషేధించింది. సైకిలు తొక్కేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. 135 యూరోల జరిమానా, లైసెన్సులో మూడు పాయింట్ల కోత. హెల్మెట్‌లోనే అమర్చి ఉన్న స్పీకర్లకు, వినికిడి యంత్రాలకు మినహాయింపు ఇచ్చింది. స్పెయిన్‌లో జరిమానా 200 యూరోలు. జర్మనీ పరికరాల పేర్ల జోలికి పోకుండా, చూపు గాని వినికిడి గాని తగ్గకుండా చూసుకునే బాధ్యత డ్రైవర్‌దే అని రాసుకుంది. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. కాలిఫోర్నియా, న్యూయార్క్ ఒక చెవికి అనుమతి ఇచ్చి రెండో చెవిని ఖాళీగా ఉంచమంటాయి. బ్రిటన్‌లో దీనికని ప్రత్యేక చట్టం లేదు, నడపడంలో అజాగ్రత్త కనపడితే ఆ నేరం కింద పట్టుకుంటారు.

వీటిలో మనకు ఫ్రాన్స్ పద్ధతి సరిపోతుందని నా అభిప్రాయం. ఒక చెవి చాలనే కాలిఫోర్నియా పద్ధతి ఇక్కడ పనికిరాదు. దిక్కు తెలియదన్న సంగతి పైన చెప్పాను. దానికితోడు రోడ్డు పక్కన నిలబడిన కానిస్టేబుల్‌కు బండివాడి ఒక చెవే కనపడుతుంది, రెండో చెవిలో ఏముందో చూడాలంటే ఆపాలి. ఆపిన ప్రతిసారీ వాదన. జర్మనీ రాసిన మాట మంచిదే గాని, మన దగ్గర అంత విశాలంగా రాస్తే 184 చుట్టూ ఉన్న గొడవే మళ్లీ మొదలవుతుంది. "వాహనం నడుపుతున్న వ్యక్తి చెవి లోపల గాని, చెవిని కప్పుతూ గాని శబ్దాన్ని వినిపించే ఏ పరికరమూ ధరించరాదు" అని ఒకే వాక్యం రాయమనండి. వినికిడి యంత్రాలకు, విధి నిర్వహణలో వైర్‌లెస్ వాడే పోలీసు, అంబులెన్స్, అగ్నిమాపక సిబ్బందికి మినహాయింపు ఇవ్వండి. హెల్మెట్‌లో అమర్చిన స్పీకర్లను దారి చెప్పడానికి మాత్రం అనుమతించండి. దారి వినడం కూడా వద్దంటే, ఆ కుర్రవాళ్లు మాటిమాటికీ ఫోను తెర వైపు తల వంచుతారు, అది ఇంకా ప్రమాదం.

దీన్ని 184 కింద జైలు శిక్ష ఉన్న నేరంగా మార్చవద్దని కూడా వేడుకుంటున్నాను. శిక్ష పెద్దదైతే బేరాలు పెరుగుతాయి. 118వ సెక్షన్ కింద చేసిన డ్రైవింగ్ నిబంధనలను ఉల్లంఘిస్తే 500 నుంచి 1,000 రూపాయల వరకు జరిమానా వేయడానికి 177ఎ సెక్షన్ ఇప్పటికే ఉంది. 2017లో చేసిన ఆ నిబంధనల్లో ఈ ఒక్క వాక్యం చేరిస్తే చాలు. పార్లమెంటులో కొత్త బిల్లు కూడా అక్కరలేదు.

హెల్మెట్ కింద దాగిన ఇయర్‌బడ్ కెమెరాకు చిక్కదు, ఈ నిబంధన పెట్టి ఏం లాభమని కొందరు నిరుత్సాహపరుస్తారు. అందరినీ పట్టుకోలేమన్నది నిజం. అయినా ఒక శిక్షకుడిగా నాకు తెలిసింది చెబుతాను. పుస్తకంలో లేని జాగ్రత్త ఏది చెప్పినా, అది మా పెద్దరికం కొద్దీ చెప్పే సలహాగానే తీసుకునేవారు. అదే మాట నిబంధనగా రాసి ఉంటే, పరీక్షలో అడుగుతారు కాబట్టి చదివేవారు, చదివింది కాబట్టి ఎదుటివాడికీ చెప్పేవారు. లెర్నర్ లైసెన్సు పరీక్షలో ఈ ప్రశ్న ఉండాలి. డ్రైవింగ్ స్కూళ్లలో మొదటి రోజే చెప్పాలి. బడి బస్సుల డ్రైవర్లతో ఒప్పందం రాసుకునేటప్పుడు ఈ షరతు పెట్టమని తల్లిదండ్రులు అడగగలగాలి. ఇవన్నీ జరగాలంటే ముందు ఆ వాక్యం ఎక్కడో ఒకచోట ఉండాలి.

ఇంకో చిన్న పని. రోడ్డు ప్రమాదాల మీద మంత్రిత్వ శాఖ ఏటా ఇచ్చే నివేదికలో అతివేగం, మద్యం, ఎదురుదారి, ఎర్రలైటు దాటడం, మొబైల్ ఫోను వాడకం అని కారణాల వారీగా లెక్కలుంటాయి. చెవులు మూసి ఉన్నాయా లేదా అన్న గడి అందులో లేదు. లెక్క లేకపోతే రేపు ఈ నిబంధన ఎంత పనిచేసిందో కూడా చెప్పలేం. ప్రమాదాల వివరాలు అక్కడికక్కడే నమోదు చేయడానికి ఐఐటీ మద్రాసు సాయంతో తయారుచేసిన యాప్ పోలీసుల చేతిలో ఉంది. అందులో ఈ వివరం కూడా నమోదై, ఏటా నివేదికలో అచ్చయ్యేలా చూడండి.

లోక్‌సభ సభ్యులు 377వ నియమం కింద ఈ విషయాన్ని సభ దృష్టికి తేవచ్చు. రాజ్యసభ సభ్యులకు ప్రత్యేక ప్రస్తావన అవకాశం ఉంది. నక్షత్రం గుర్తున్న ప్రశ్న వేస్తే మంత్రిగారు సభలో నోటితో జవాబు చెప్పాలి, మీరు అనుబంధ ప్రశ్నలు కూడా వేయవచ్చు. వచ్చే సమావేశాల్లో మీలో ఒక్కరైనా రెండు విషయాలు అడగండి: 2017 డ్రైవింగ్ నిబంధనల్లో చెవి పరికరాలపై స్పష్టమైన నిషేధం ఎప్పటిలోగా చేరుస్తారు, నడుపుతున్న రైడర్‌తో మాట్లాడించే డెలివరీ సంస్థల మీద ఏ సెక్షన్ కింద చర్య తీసుకుంటారు. జవాబు ఏదైనా దాన్ని మీ నియోజకవర్గ ప్రజలకు తెలుగులో తెలియజేయండి.

భవదీయుడు,
విశ్రాంత ఆర్టీసీ డ్రైవింగ్ శిక్షకుడు,
కృష్ణరాజపురం, బెంగళూరు